పన్నెండో నంబరు గదిలో వేడినీళ్లు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. పటాన్‌చెరు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పదకొండేళ్లుగా అమ్మాయిల హాస్టల్ వార్డెన్‌ని. హాజరు, జ్వరాలు, ఔట్‌పాసులు, మెస్ గొడవలు అయ్యేసరికి భయపడే ఓపిక కూడా ఉండదు.

మా హాస్టల్లో వైరింగ్ పాతది. గదిలో వాటర్ హీటర్ వాడితే హాస్టల్ ఖాళీ చేయాల్సిందే.

పోయిన చలికాలం ఒకరోజు పొద్దున పదకొండు గంటలకు గదులు తనిఖీ చేస్తుంటే, పన్నెండో నంబరులో బకెట్ నిండా పొగలు వస్తున్న నీళ్లు. ఆ గదిలో మమత ఒక్కతే ఉండేది. గుమ్మడిదల అమ్మాయి, సెకండియర్. ఎనిమిదింటికే క్లాసుకు వెళ్లింది. పెట్టె, మంచం కింద అంతా వెతికాను. హీటర్ దొరకలేదు. మర్నాడూ అంతే.

"నేను పెట్టలే మేడం. నా దగ్గర హీటరే లేదు" అంది మమత.

వాళ్ల నాన్న పాశమైలారంలో డ్యూటీ దిగి, కంపెనీ బట్టలతోనే వచ్చాడు. "జెర ఈ ఒక్కసారికి మాఫ్ చెయ్యిండ్రి మేడం. నాయి షిఫ్టులు. బయట కిరాయి రూంల పెడితే దినాం వచ్చి సూసుడు నాతోని కాదు."

ఒకరిని వదిలేస్తే అందరూ అడుగుతారని ఖాళీ చేయించాను. మమత కిష్టారెడ్డిపేటలో ఇంకో ఇద్దరమ్మాయిలతో అద్దె గదిలో చేరింది.

ఆ గది ఫ్యూజు తీయించి, తాళం వేసి, తాళంచెవి నా దగ్గరే పెట్టుకున్నాను. నాలుగు రోజుల తర్వాత పరుపు కోసం మధ్యాహ్నం తెరిచాను. ఊడ్చే లక్ష్మమ్మ నా వెంటే ఉంది. మూలన మమత వదిలేసి వెళ్లిన బకెట్ నిండా నీళ్లున్నాయి. లక్ష్మమ్మ వేలు ముంచి వెంటనే తీసేసింది. "కాలుతున్నయి మేడం" అంది మెల్లగా.

ఆ గదికి నీళ్ల పైపు కూడా లేదు.

ఆదివారం కిష్టారెడ్డిపేట వెళ్లాను. తప్పు నాదేనని, తిరిగి వచ్చెయ్యమని మమతతో చెప్పాను.

"నేను పెట్టలేదన్న గని, పోసుకోలేదనలే మేడం. పొద్దున లేసేసరికి ఉండేటియి, పోసుకున్నంక మళ్ల నిండేటియి. సలికి మంచిగనిపించేది. ఎవరు పెడుతుండ్రో అడగబుద్ధి కాలే."

"మరి వస్తావా?"

"ఆ రూమే ఇస్తె వస్త."

ఇచ్చాను. ఎందుకు మళ్లీ చేర్చుకున్నానో రిజిస్టరులో ఏం రాయాలో తెలియక ఆ గడి ఖాళీగా వదిలేశాను. ఆ నీళ్లు ఎట్లా వేడెక్కాయో ఇవాళ్టికీ చెప్పలేను. తనిఖీకి వెళ్లినప్పుడు పదకొండు చూసి, పదమూడుకు వెళ్లిపోతున్నాను.