తొమ్మిదో అంశం

నేను పనిచేసిన మునిసిపాలిటీ పేరు రాయను. కృష్ణా డెల్టాలోదని చెబితే చాలు. గుడివాడ బస్సు, బందరు బస్సు రెండూ మా ఆఫీసు గేటు ముందే ఆగేవి. తొంభైల్లో ఆ ఆఫీసులో నేను తెలుగు టైపిస్టుని. నెలనెలా జరిగే కౌన్సిల్ సమావేశానికి అజెండా టైపు చేయడం, స్టెన్సిల్ కొట్టి సైక్లోస్టైల్ మిషన్ మీద కాపీలు తిప్పడం, సమావేశంలో ఒక మూల కూర్చుని ఎవరేమన్నారో రాసుకోవడం నా పని. రాసుకోవడం అన్నానుగానీ, రాసుకోవలసింది పెద్దగా ఉండేది కాదు. తీర్మానాలు ముందురోజే టైపయి ఫైల్లో ఉండేవి.

కౌన్సిల్ అనగానే వాదోపవాదాలు, బల్లలు చరచడాలు అనుకుంటారు బయటివాళ్లు. అవన్నీ ఏడాదికి ఒకటి రెండుసార్లు, విలేకరులు వచ్చిన రోజున జరిగేవి. మిగతా నెలల్లో చైర్మన్ గారు అంకె మాత్రం చెప్పేవారు. "ఒకటి" అనగానే సభ్యులు "పాస్" అనేవారు. "రెండు." "పాస్." టీతో, మిక్చర్ పొట్లాలతో సహా ఇరవై అంశాలు ముప్పావు గంటలో తెమిలిపోయేవి. తమ వార్డు అంకె వచ్చేదాకా ఒక్కొక్కరూ చెవులు రిక్కించుకుని కూర్చునేవారు. అది దాటాక కుర్చీ కింద చెప్పులు వెతుక్కునేవారు. చేరిన కొత్తలో నాకు నవ్వాగేది కాదు. ఇంటికి వెళ్లి మా అత్తగారి ముందు ఒక్కొక్కరినీ అనుకరించి చూపించేదాన్ని.

ఏ అంశానికైనా మా దగ్గర మూడే ముగింపులు. ఆమోదించడమైనది, వాయిదా వేయడమైనది, రికార్డు చేయడమైనది. ఆమోదిస్తే పని జరగొచ్చు. వాయిదా వేస్తే మళ్లీ వస్తుంది. రికార్డు చేస్తే మాత్రం సభ్యులకు విషయం తెలిసిందని పుస్తకంలో ఎక్కుతుంది, అంతే. ఇక దాన్ని ఎవరూ ముట్టుకోరు. ఆ మూడో మాటను నేను కొన్ని వందలసార్లు కొట్టి ఉంటాను, ఏమీ అనిపించలేదు.

ఆ ఏడు మార్చి నెల అజెండాలో తొమ్మిదో అంశం నీళ్ల పరీక్ష రిపోర్టు. డెల్టాలో ఎండాకాలం కాలువలు కట్టేస్తారు. కట్టేసేలోపు మంచినీళ్ల చెరువు నింపుకుంటే వర్షాలు పడేదాకా ఊరంతా ఆ నీళ్లే తాగాలి. పైన ఉన్న ఊళ్లన్నీ కడిగి వదిలిన నీళ్లు చివరికి మాకు చేరేవి. అయినా పటికా బ్లీచింగూ వేసి, ఇసుక పడకల మీద వడకట్టి కుళాయిలకి వదిలేవారు. ఆసారి జిల్లా ల్యాబుకి పంపిన సీసాల్లో చెరువుది ఒకటి, కుళాయిలవి రెండు. కుళాయి నీళ్లలో మురుగు కలుస్తోందని, తాగడానికి పనికిరావని రిపోర్టు వచ్చింది. పాత పైపు మురుగుకాలువను దాటే చోట ఎక్కడో పగిలి ఉంటుందని ఇంజనీరు కింద నోటు రాశాడు. ఆ రెండు కుళాయిల్లో ఒకటి మా వీధి మలుపులోది. టైపు చేస్తుంటే ఆ లైను దగ్గర నా వేళ్లు ఆగిపోయాయి.

అదే అజెండాలో పదహారో అంశం నాది. ఆరేళ్లుగా టెంపరరీగా చేస్తున్న టైపిస్టును పర్మనెంటు చేయమని ప్రభుత్వానికి సిఫారసు. నా పేరు నేనే టైపు చేసుకున్నాను. ఒక్క అక్షరం తప్పు పోకుండా రెండుసార్లు చూసుకున్నాను.

సమావేశం రోజున "తొమ్మిది" అని చైర్మన్ గారు అనగానే అలవాటుగా నలుగురైదుగురు "పాస్" అనేశారు. వెనక వరసలో ఒక రిటైర్డు మాస్టారు ఉండేవారు. అజెండా కాగితం ఇంటి దగ్గర చదివి వచ్చే సభ్యుడు మొత్తం కౌన్సిల్లో ఆయనొక్కరే.

"అయ్యా, అది పాస్ చేసే అంశం కాదు. ఒకసారి చదివించండి," అన్నారు మాస్టారు.

చైర్మన్ గారు నా వైపు చూశారు. లేచి చదివాను. "త్రాగుటకు పనికిరావు" అన్న చోట నా గొంతు నాకే వినపడలేదు. పైన ఫ్యాను కిర్రుమంటోంది. ఎవరో మిక్చర్ పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"మాస్టారూ, మీరే చెప్పండి," అన్నారు చైర్మన్ గారు. ఆయన గట్టిగా మాట్లాడే మనిషి కాదు. "పది రోజుల్లో కాలువ కట్టేస్తారు. పైపు తవ్వాలంటే సరఫరా ఆపాలి. ఎన్నాళ్లు పడుతుందో ఇంజనీరే చెప్పలేకపోతున్నాడు. తాగొద్దని దండోరా వేయించామనుకోండి, జనం ఏం తాగుతారు? గగ్గోలైపోతుంది. బ్లీచింగు కాస్త ఎక్కువ వేయిద్దాం. దీన్ని ఇప్పటికి రికార్డు చేద్దాం."

మాస్టారు కళ్లద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు. పన్నెండో అంశం ఆయన వార్డు రోడ్డు. నాలుగేళ్లుగా దానికోసం తిరుగుతున్నారు. "ఆయనన్నదీ నిజమేలెండి," అంటూ కూర్చున్నారు. అక్కడున్న ప్రతివాళ్లకీ ముందు ఇంకో అంకె ఉంది. నాకూ ఉంది. ఆరోజు ఆ హాల్లో అందరికన్నా బాగా ఆ రిపోర్టు తెలిసినదాన్ని నేనే. పదహారు వచ్చేదాకా నేను తల పైకెత్తలేదు. పదహారుకి "పాస్" అన్నారు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, సంతోషంతోనే.

సాయంత్రం మేనేజరుగారు పిలిచారు. "తొమ్మిదోది రికార్డు చేయడమైనది అని కొట్టెయ్యమ్మా. వచ్చే మీటింగులో మినిట్స్ ఖరారయ్యేదాకా ఇది బయటికి పొక్కకూడదు. నీ ఫైలు కూడా ఇంకా పైకి వెళ్లాలి, తెలుసుగా," అన్నారు. గుమ్మం దాటబోతుంటే మళ్లీ పిలిచి, "ఇంట్లో మాత్రం కాచి తాగండి. పిల్లాడున్నాడుగా," అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. మా మంచి కోరే ఆ మాట చెప్పారు.

ఆ మర్నాటినుంచి మా ఆఫీసులో ఒక వింత మొదలైంది. వరండాలో తాగడానికి ఎర్రమట్టి కుండ ఉండేది. దాని దగ్గరికి స్టాఫ్ ఎవరూ వెళ్లడం మానేశారు. అందరి చేతుల్లోనూ ఇంటినుంచి తెచ్చుకున్న సీసాలు. ఒకరిద్దరు కౌన్సిలర్ల ఇళ్లకి పక్క పల్లెనుంచి స్కూటర్ మీద క్యాన్లతో నీళ్లు వచ్చేవి. బజార్లో నడుస్తుంటే ఎవరికి తెలుసో, ఎవరికి తెలియదో వాళ్లు తాగే నీళ్లను బట్టి చెప్పగలిగేదాన్ని. ఇంటి పన్ను కట్టడానికి వచ్చినవాళ్లు ఎండలో నడిచొచ్చి, ఆ కుండలో గ్లాసు ముంచుకుని గటగటా తాగి, మూతి తుడుచుకుని లోపలికి వచ్చేవారు. మేమంతా కాగితాల్లోకి చూస్తూ కూర్చునేవాళ్లం.

మేముండేది రెండు వాటాల ఇల్లు. పక్క వాటాలో ఎరువుల కొట్టు గుమాస్తా, అతని భార్య. ఆ అమ్మాయిది నాగాయలంక. పెళ్లయిన ఏడేళ్లకి, మోపిదేవి గుళ్లో మొక్కుకున్నాక, అప్పుడు ఆరో నెల. నన్ను అక్కా అని పిలిచేది. ఏం వండినా గిన్నెడు మా గట్టు మీద పెట్టి వెళ్లేది. చేపల పులుసు చేసిన రోజున మా అబ్బాయి వాళ్ల వాటాలోనే తినేవాడు. మలుపులో కుళాయికి వంతులవారీగా వెళ్లేవాళ్లం. ఆ అమ్మాయికి నెలలు నిండుతున్నకొద్దీ తన బిందె కూడా నేనే మోసుకొచ్చేదాన్ని. ఆ నీళ్లు వాళ్లింటికి నా చేతులతో మోశాను. ఈ మాట రాయకుండా దాటేద్దామనిపించింది, రాశాను.

ఒకరోజు సాయంత్రం ఆ అమ్మాయి పెరట్లో కరివేపాకు కోసుకుంటూ మా పొయ్యి వైపు చూసింది.

"ఏంటక్కా, వారం రోజుల్నించి చూస్తన్నాను, గుండిగెడేసి నీళ్లు కాస్తన్నారు. ఎవరికన్నా బాలేదా?"

"మావాడికి గొంతు నొప్పమ్మా," అన్నాను. ఆ మాట దానంతటదే వచ్చేసింది. ఆలోచించాల్సిన అవసరం కూడా పడలేదు.

"అయ్యో. మేం కూడా కాసుకోమంటారా? అసలే నాకీ మధ్యన ఏదీ ఇమడట్లేదు."

ఇక్కడ ఆగి చెప్పాలి. ఆ అమ్మాయి సూటిగా అడిగింది. అవునమ్మా, కాచుకో అంటే సరిపోయేది. రెండే మాటలు. కారణం కూడా చెప్పనక్కర్లేదు. కానీ ఎందుకని మళ్లీ అడుగుతుందేమో, వాళ్లాయన కొట్టుకి రోజూ వందమంది రైతులు వస్తారు, అక్కడ పొక్కితే టైపిస్టు చెప్పిందంటారు, పైకి వెళ్లాల్సిన నా ఫైలు ఆగిపోతుంది. ఇదంతా ఒక్క క్షణంలో నా బుర్రలో తిరిగింది.

"నీకెందుకే? గొంతు నొప్పి వాడికైతే!" అన్నాను నవ్వుతూ.

ఆ అమ్మాయి కూడా నవ్వి లోపలికి వెళ్లింది. వంటింట్లో ఉన్న మా అత్తగారు నా ముఖంలోకి చూశారు. ఆవిడకి నేను అప్పటికే అంతా చెప్పాను. ఆ పూట నాకు అన్నం వడ్డించకుండానే వెళ్లి పడుకున్నారు.

వచ్చే సమావేశంలో మినిట్స్ ఖరారయి నోటీసు బోర్డు మీదకి వస్తాయి, అప్పుడు ఎలాగూ అందరికీ తెలుస్తుంది, అప్పుడే చెబుతానని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఇంకా మూడు వారాలుంది. అంతలో ఏమవుతుందిలే అనుకున్నాను.

వారం తిరక్కుండానే పక్క వీధిలో ఇద్దరికి పచ్చకామెర్లు అన్నారు. తరవాత మా వీధిలో ఐదుగురికి. పొద్దున్నే పసరు వైద్యుడి దగ్గరికి జనం ఆటోల్లో బయలుదేరేవారు. ఎండలు ముదిరితే మామూలే అని మా శానిటరీ సెక్షన్లో అన్నారు. పక్కింటి అమ్మాయి అన్నం వాసన పడటం లేదని పడుకునే ఉంటోంది. కడుపుతో ఉన్నవాళ్లకి వికారం సహజమే కదా అని వాళ్లమ్మ నాగాయలంకనుంచి కబురు చేసింది. ఒక ఉదయం ఆ అమ్మాయి తల దువ్వుకోడానికి గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. వెలుతురు ముఖం మీద పడింది. కళ్లు రెండూ పసుపుపచ్చగా ఉన్నాయి. నేను చూసినంతసేపూ ఆ అమ్మాయి నన్ను చూసి నవ్వుతోంది.

గుడివాడలో ఆసుపత్రిలో చేర్చారు. కడుపుతో ఉన్నవాళ్లకి ఈ జబ్బు మామూలుగా పోదని అక్కడి డాక్టరమ్మ చెప్పిందట. నేను నాలుగు రోజులు ఆఫీసుకి సెలవు పెట్టి, కాచి చల్లార్చిన నీళ్లు సీసాల్లో పోసుకుని పొద్దునా సాయంత్రం బస్సులో వెళ్లాను. ఆ అమ్మాయి కోసం అప్పుడు కాచాను. సీసా చేతికిస్తే, "నీకెందుకక్కా ఇంత కష్టం," అంది మగతలో. బిడ్డ లోపలే పోయింది. అక్కణ్నించి బెజవాడ తీసుకెళ్లారు. మూడో రోజున ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మా రెండు వాటాల మధ్య వసారాలో, మంచం మీద, నేను చూస్తుండగానే పోయింది.

తరవాతి సమావేశం నాలుగు రోజులకి. ఎవరో మాజీ కౌన్సిలర్ పోతే రెండు నిమిషాలు మౌనం పాటించారు. "గత సమావేశపు మినిట్స్ చదివినట్లుగా భావించి ఖరారు చేయడమైనది" అన్నది ఎప్పటిలాగే మొదటి అంశం. "ఒకటి" అన్నారు చైర్మన్ గారు. "పాస్" అన్నారు. ఆ సాయంత్రం నోటీసు బోర్డు మీద నేనే కాగితం అతికించాను. నేనక్కడ ఉన్నంతసేపూ దాని ముందు ఆగి చదివినవాళ్లు లేరు.

ఆ నెలాఖరులో గుమాస్తా మరణ ధ్రువపత్రం కోసం ఆఫీసుకి వచ్చాడు. ఫారం నేనే నింపిపెట్టాను. కారణం అన్న గడిలో పచ్చకామెర్లు అని రాశాను. అతను స్టూలు మీద కూర్చుని నేల చూస్తూ మాట్లాడాడు.

"అది అడిగిందండీ అక్కయ్యగారూ. అక్కావాళ్లు నీళ్లు కాస్తన్నారు, మనం కూడా కాసుకుందామా అంది. వాళ్ల పిల్లాడికి గొంతు నొప్పికదే, మనకెందుకు, కిరసనాయిలు దండగ అన్నానండి. ఆ ఒక్క మాట అనకపోతే బతికేదండీ."

అతని మీద ఆ బరువు దించగలిగిన మనిషి ఈ లోకంలో నేనొక్కదాన్నే. అది నాకు ఆ క్షణంలోనే తెలుసు. "మీ తప్పేం లేదు బాబూ," అన్నాను. అది నిజమే. కానీ ఎవరి తప్పో చెప్పలేదు. అతను చేతులెత్తి దణ్ణం పెట్టి, "చివరిదాకా మీరు నీళ్లు మోశారండీ," అని లేచాడు.

పైపు ఏడాదిన్నర తరవాత మార్చారు. నా ఉద్యోగం అంతకుముందే పర్మనెంటయింది. చాలా ఏళ్లకి, రెండు వేల ఆరులోనో ఏడులోనో, బందరు బస్టాండులో అతను కనిపించాడు. జుట్టు తెల్లబడిపోయింది. మళ్లీ పెళ్లి చేసుకోలేదట. నా క్షేమసమాచారాలు, మా అబ్బాయి చదువు అన్నీ అడిగాడు. తరవాత, "ఇప్పటికీ ఆ మాటే గుర్తొస్తాదండీ. కిరసనాయిలు దండగన్నాను," అన్నాడు.

అప్పటికి మేనేజరుగారు లేరు, ఆ చైర్మన్ గారు లేరు. నాకు భయపడాల్సిన ఫైలు ఏదీ లేదు. అతను నా ఎదురుగా నిలబడి ఉన్నాడు. నా బస్సు కదులుతోందని చెప్పి ఎక్కేశాను. అది బయలుదేరడానికి ఇంకా పావుగంట ఉంది.