లైను మీదికి పంపిన మనిషి

మా ఊళ్లో ఆగస్టు పదిహేనున హైస్కూలు గ్రౌండులో జెండా ఎగరేసేటప్పుడు మాజీ సైనికులు హోదాల ప్రకారం వరసలు కడతారు. ముందు సుబేదార్లు, వాళ్ల వెనక హవల్దార్లు, ఆ వెనక నాయక్‌లు, చివర సిపాయిలు. సెలవు మీద వచ్చినవాళ్లు కూడా తమ హోదా వరసలోనే నిలబడాలి. వయసుతో, చుట్టరికంతో పని లేదు. దాదాపు ప్రతి ఇంటి నుంచీ ఒకరు సైన్యంలో పనిచేసిన ఊరు కాబట్టి, ఎవరు ఎంతవరకు ఎక్కారో ఏడాదికోసారి అందరికీ కనబడుతుంది.

మా నాన్న నాయక్‌ల వరసలో నిలబడతాడు. ఆయనతోపాటు చేరినవాళ్లంతా ఒకటో రెండో వరసలు ముందున్నారు. నాయక్ నుంచి హవల్దార్ కావాలంటే కేడర్ అనే శిక్షణకు వెళ్లి పాసవ్వాలి. వెళ్లనని రాసి సంతకం పెట్టడానికీ వీలుంది. నాన్న రెండుసార్లు అలా సంతకం పెట్టాడు. దీనికి ఊళ్లో మూడు కారణాలు చెప్పుకునేవారు: హిందీ రాదని ఒకటి, మ్యాపు చదవలేడని రెండు, యానాం సీసాల మీద ధ్యాస ఎక్కువని మూడు. మూడూ తప్పే. ఆయన హిందీ శుభ్రంగా మాట్లాడతాడు, దారి తప్పగా నేను చూడలేదు, మందు ముట్టడు. అయినా దేన్నీ కాదనలేదు. నాయక్ చొక్కా చేతికి రెండు పట్టీలుంటాయి, హవల్దార్‌కు మూడు. సుబేదారుగా రిటైరైన మా పెదనాన్న ఏటా ఒకటే మాట అనేవాడు. "మీ నాన్నకి మూడో పట్టీ కుట్టుకోడానికి దారం దొరకలేదురా." నాన్న కూడా అందరితోపాటు నవ్వేవాడు.

ఈ ఏడాది ఆ సంతకం నా దాకా వచ్చింది. సరిహద్దు మీద షెల్లింగ్ జరుగుతున్నప్పుడు నాకు తాత్కాలికంగా హవల్దార్ హోదా ఇచ్చారు. అది ఖాయం కావాలంటే కేడర్‌కు వెళ్తానని సెలవు ముగిసేలోగా యూనిట్‌కు చెప్పాలి. వెళ్లనంటే మళ్లీ నాయక్‌నే. వెళ్లనని చెప్పే ఉద్దేశంతోనే నేను రాజమండ్రిలో రైలు దిగాను.

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో చేరాను. పరీక్షలన్నీ మొదటిసారే పాసయ్యాను. హోదా అంటే తెలిసిన పనులు పెరగడమని నా లెక్క. సిపాయికి తెగిన కేబుల్ అతకడం వస్తే చాలు. లాన్స్ నాయక్‌కు అది ఎక్కడ తెగిందో కనిపెట్టడం కూడా రావాలి. నాయక్‌కు ఆ రెండూ ఇంకొకరికి నేర్పడం రావాలి. హవల్దార్‌కు ఏం రావాలో నేను పెద్దగా ఆలోచించలేదు. ఇవే ఇంకాస్త బాగా రావాలి కాబోలు అనుకున్నాను.

మా ఐదుగురి జట్టును కొండ మీద ఒక పోస్టులో ఉంచారు. అక్కణ్ణుంచి కింద ఉన్న హెడ్‌క్వార్టర్స్ దాకా వెళ్లే టెలిఫోన్ కేబుల్ ఎప్పుడూ పనిచేసేలా చూడడం మా పని. రేడియో ఉంది గానీ, దాంట్లో ఎక్కువసేపు మాట్లాడితే మాట్లాడేవాళ్లు ఎక్కడున్నారో అవతలివాళ్లు పసిగడతారు. అందుకే ఇప్పటికీ కేబుల్ కావాలి. షెల్ పడితే అది తెగుతుంది. తెగితే ఇద్దరు వెళ్తారు. ముందువాడు కేబుల్‌ను చేతిలోంచి జారనిస్తూ నడుస్తాడు, వెనకవాడు చుట్టూ చూస్తుంటాడు. సంచిలో ప్లయర్, టేపు, అదనపు కేబుల్ చుట్ట, టెస్ట్ ఫోను ఉంటాయి. తెగిన కొసలు రెండూ వెతకాలి, ఒక్కో కొస నుంచీ ఫోన్ చేసి చూడాలి, అతకాలి, టేపు చుట్టాలి, మళ్లీ ఫోన్ చేయాలి, అప్పుడు వెనక్కి రావాలి. ఈ క్రమం నాకు నచ్చేది.

ఎప్పుడూ నాతో వచ్చేవాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన లాన్స్ నాయక్. నా 'అండి' అతనికి పెద్ద వేడుక. కొంచెం ఆ ప్లయర్ ఇస్తారా అండి అని నేను అడిగితే, మీ గోదారోళ్లు యుద్ధం కూడా దండం పెట్టి మొదలెడతారని నవ్వేవాడు. నన్ను ఉస్తాద్ అని పిలిచేవాడు. సైన్యంలో పని నేర్పినవాణ్ణి అలాగే పిలుస్తారు.

దారి మధ్యలో కప్పు కూలిపోయిన ఒక రాతి గోడ ఉంది. అది దాటితే ఏటవాలు నేల అంతా అవతలి కొండకు కనబడుతుంది. కేబుల్ దాని మీదుగా తిన్నగా పోతుంది గానీ మనిషి పోకూడదు. గోడ దగ్గర కేబుల్ వదిలేసి, కింది బండల చాటున చుట్టు తిరిగి, అవతల తుప్ప దగ్గర మళ్లీ పట్టుకోవాలి. ఇది ఏ మ్యాపులోనూ లేదు. మా హవల్దార్ మొదటి వారంలోనే మా ఇద్దరినీ వెంటబెట్టుకుని నడిచి చూపించాడు. ఆ తర్వాత ఆయన ఒక్కసారి కూడా లైను మీదికి రాలేదు. కేబుల్ తెగితే ఫోను పక్కనే కూర్చుని, గడ్డం ఎత్తి ఇద్దరిని చూపించేవాడు. "మన బతుకు ఆయన గెడ్డం మీద ఉంది ఉస్తాదూ" అనేవాడు లాన్స్ నాయక్. నాకూ నిజమేననిపించేది.

షెల్లింగ్ పెరిగిన రోజుల్లో ఒక ఉదయం నీళ్ల ట్యాంకు దగ్గర హవల్దార్ తొడలోకి షెల్ ముక్క దిగింది. ఆయన్ని కిందికి దించాక కెప్టెన్ వచ్చి, జట్టు ఇక నాదేనని, హవల్దార్‌గా పనిచేయమని చెప్పాడు. హవల్దార్ వదిలి వెళ్లిన చొక్కా నుంచి మూడు పట్టీల బిళ్ల విప్పి నా చొక్కా చేతికి కుట్టింది లాన్స్ నాయకే. సూది దించుతూ, మొయ్యడానికి ఇదేమంత బరువు కాదులే అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం లైను పోయింది. నేను అలవాటుగా సంచి భుజాన వేసుకుని బంకర్ గుమ్మం దాకా వెళ్లాను. కెప్టెన్ ఎక్కడికని అడిగాడు. లైను మీదికి అన్నాను.

"మరి ఫోను దగ్గర ఎవరు? రేడియో ఎప్పుడు తెరవాలో ఎవరు చెప్తారు? రెండో జట్టును ఎవరు పంపుతారు?" అన్నాడు హిందీలో. "సంచి దించు. ఇద్దరిని పంపు."

దించాను. మిగిలింది ముగ్గురు. రేడియో ఆపరేటర్‌ను కదపడానికి లేదు. కొత్తగా వచ్చిన సిపాయి షెల్లింగ్‌లో ఎన్నడూ నడవలేదు. లాన్స్ నాయక్ పొద్దుటి నుంచీ కాపలా కాసి అప్పుడే వచ్చాడు, బూట్లు కూడా ఇంకా విప్పలేదు. ఆ లెక్కకు ఇంకో జవాబు లేదు. గడ్డం ఎత్తి చూపించడం నాకు చేతకాలేదు.

"మీరూ, ఆ కుర్రాడూ వెళ్లి రండి" అన్నాను.

"ఏటి ఉస్తాదూ, ఇది ఆర్డరా, పెళ్లి పిలుపా?" అంటూనే లేచాడు.

గోడ దగ్గర నుంచి ఒకసారి ఫోన్ వచ్చింది. గోడ దాకా కేబుల్ బాగానే ఉందన్నాడు. ఆ తర్వాత అటువైపు షెల్స్ పడ్డాయి. ఫోను మోగలేదు. ఆ వ్యవధిలో నేను మార్చనక్కర్లేని బ్యాటరీ మార్చాను, బల్ల మీది టేపు చుట్టలను సైజుల వారీగా పేర్చాను. కెప్టెన్ ఒకసారి నా వైపు చూశాడు. రెండో జట్టును పంపాలంటే ఇక నేనూ ఆపరేటరూ తప్ప ఎవరూ లేరు. ఆగుదాం సాబ్ అన్నాను. అది ధైర్యం వల్ల అన్నానో, ఇంకేమీ తోచక అన్నానో చెప్పలేను.

చివరికి మోగింది. కొత్త సిపాయి గొంతు. లైను అతికిందన్నాడు. లాన్స్ నాయక్ ఎడమ చెయ్యి దెబ్బతిందన్నాడు. జరిగింది తర్వాత తెలిసింది. గోడ దగ్గర కుర్రాడు కేబుల్ పట్టుకుని తిన్నగా బయటికి అడుగేశాడట. వాణ్ణి వెనక్కి లాగబోయి ఇతను గోడ చాటు దాటాడు. తర్వాత కుర్రాణ్ణి చుట్టు దారిలో నడిపించి, కేబుల్ తను ఒంటిచేత్తో పట్టుకుని, వాడి చేత అతికించాడు. స్ట్రెచర్ వాళ్లకు మేము ఫోన్ చేసింది ఆ లైను మీదనే.

కిందికి దించేటప్పుడు దగ్గరికి వెళ్లాను. "పిలుపు బాగుంది గానీ ఉస్తాదూ, భోజనాలు బాగోలేవు" అన్నాడు. రెండు వేళ్లు తీసేశారు. ఇక లైను పనికి పనికిరాడని ఆస్పత్రిలో తేల్చారు.

కొన్నాళ్లకు షెల్లింగ్ ఆగింది. నాకు సెలవు దొరికింది. ఊళ్లో అందరూ అడిగినవి దాదాపు ఒకటే: షెల్ ఎంత దగ్గర పడింది, శబ్దం ఎలా ఉంటుంది, అవతలివాళ్లు కనిపిస్తారా, మెడల్ వస్తుందా. పెదనాన్న నా భుజం తట్టి, మీ ఇంట్లో దారం దొరికిందన్నమాట అన్నాడు. నాన్న మొదటి నాలుగు రోజులూ ఏమీ అడగలేదు.

పద్నాలుగో తేదీ సాయంత్రం అరుగు మీద కూర్చుని ఆయన టోపీ బ్యాడ్జిని చింతపండుతో తోముతున్నాడు. నేను పక్కన కూర్చున్నాను.

"లైను తెగినప్పుడు ఎవర్ని పంపేవు?" అన్నాడు.

ఆ ప్రశ్న ఇంకెవరూ అడగలేదు. ఎంక్వయిరీలో చెప్పినట్టు వరసగా చెప్పాను: ఎవరెవరున్నారు, ఎవర్ని ఎందుకు కదపలేదు, అతన్నే ఎందుకు ఎంచాను. ఆయన తోముతూనే విన్నాడు.

"మా హవల్దారు సెలవులో ఉన్నప్పుడు కొన్నాళ్లు సెక్షను నా చేతిలో ఉంది" అన్నాడు. "వాగు అవతల చూసి రమ్మని ఒకణ్ణి పంపేను. అందర్లోకీ చురుకైనోడు. అందుకే పంపేను."

"వచ్చాడా?"

"రాలేదు." బ్యాడ్జిని నీళ్లలో ముంచి గుడ్డతో తుడిచాడు. "ఆ తర్వాత ఎవడు ఎక్కడికి పొమ్మన్నా నేనే వెళ్లేను. అది నాకు కష్టం అనిపించలేదు."

నేనూ సంతకం పెడదామనుకుంటున్నానని చెప్పాను.

"నన్ను చూసి పెట్టకు" అన్నాడు. "నువ్వు మానేస్తే ఆ జట్టుకి ఎవడొస్తాడు?"

దానికి జవాబు తెలుసుకోకుండా రైలెక్కడం నా పద్ధతి కాదు. కొబ్బరిచెట్ల వైపు వెళ్లి ఆస్పత్రిలో ఉన్న లాన్స్ నాయక్‌కు ఫోన్ చేశాను. వార్డుకొచ్చే యూనిట్ కబుర్లన్నీ అతని దగ్గర ఉంటాయి. నేను కాదంటే పక్క పోస్టు నాయక్ వస్తాడని చెప్పాడు. అతను మంచివాడే, రేడియో బాగా తెలిసినవాడు.

"ఆడికి గోడ సంగతి తెల్దు ఉస్తాదూ" అన్నాడు. "తిన్నగా తోలేత్తాడు మనోళ్లని."

చెప్పి నేర్పవచ్చు కదా అన్నాను.

"నువ్వు ఆ కుర్రోడికి చెప్పేవేటి?"

చెప్పలేదు. లాన్స్ నాయక్ వెంట ఉన్నాడు కదా అనుకున్నాను. అతను ఆ మాట నిష్ఠూరంగా అనలేదు. వెంటనే ఆస్పత్రి ఇడ్లీల గురించి మొదలెట్టాడు.

మర్నాడు గ్రౌండులో పెదనాన్న వరసలు కట్టమని కేక వేశాడు. నేను వెళ్లి హవల్దార్లు ఉన్న చోట చివర్లో నిలబడ్డాను. కాస్త వెనక్కే నిలబడ్డాను. అటు వాళ్ల వరసకూ ఇటు నాయక్‌ల వరసకూ చెందని చోటు అది. నా వెనక నాన్న ఉన్నాడు. చింతపండు వాసన వస్తోంది.

"అరడుగు ముందుకి జరుగు" అన్నాడు మెల్లగా.

జరిగాను. పెదనాన్న వరసల పొడుగునా చూసుకుంటూ వచ్చి, నా దగ్గర ఆగి, నా బూట్ల వరస చూసి ముందుకు వెళ్లాడు. జెండా తాడు కాస్త చిక్కుపడి, రెండోసారి లాగితే విప్పుకుంది. సెలవు ఇంకా మిగిలి ఉండగానే ఆ సాయంత్రం యూనిట్‌కు ఫోన్ చేసి కేడర్‌కు వస్తానని చెప్పాను. కొత్త సిపాయిని ఫోను దగ్గరికి పిలిపించమని అడిగి, గోడ దగ్గర ఎక్కడ కేబుల్ వదలాలో, ఎక్కడ మళ్లీ పట్టుకోవాలో వాడి చేత రెండుసార్లు తిరిగి చెప్పించుకున్నాను.