హసన్‌బీ తినని కూర

జగ్గయ్యపేట, నందిగామల మధ్య హైవే మీద తిరిగినవాళ్ళలో సుభాని వండిన మసాలా కూర రుచి ఎరగనివాళ్ళు బహు కొద్దిమంది. ఆ కొద్దిమందిలో ఆయన భార్య హసన్‌బీ ఒకరు.

ఇందులో ఎవరి దౌర్జన్యమూ లేదని, అంతా పద్ధతి ప్రకారమే జరిగిందని ముందుగా మనవి చేయాలి. సుభాని చిల్లకల్లు దాటాక రోడ్డు పక్కనుండే ఒక దాబాలో వంటమాస్టరు. పెళ్ళినాటికే అక్కడున్నాడు, దాబా మూతపడేదాకా అక్కడే ఉన్నాడు. వండింది పనివాళ్ళ ఇళ్ళకి పోకూడదని యజమాని నియమం. లారీ డ్రైవర్ల మధ్య కూర్చుని ఆడవాళ్ళు తినకూడదని అత్తగారి నియమం. ఇంట్లో గరిటె ముట్టకూడదని సుభాని నియమం. దేనికది చూస్తే మూడూ సబబైనవే. మూడూ కలిసి మాత్రం హసన్‌బీకీ ఆ కూరకీ మధ్య గోడలా నిలబడ్డాయి.

పొద్దస్తమానం మసాలా సెగలో నిలబడి వచ్చిన మనిషి ఇంట్లో దాని పేరెత్తితే మొహం తిప్పుకునేవాడు. పచ్చిపులుసు, కందిపచ్చడి ఉంటే ఆయనకి పండగ. ఆమె మరీ అడిగితే, "దాబా మానేశాక చేసి పెడతాలే" అనేవాడు. యజమాని స్థలం అమ్ముకున్నాడు, దాబా పోయింది, ఇప్పుడక్కడ టైర్ల షాపుంది. సుభాని మాట తప్పే మనిషి కాదు. కాకపోతే, ఇంటిపట్టున స్థిమితపడేలోపే గుండె ఆగి పోయాడు.

పరామర్శకి వచ్చినవాళ్ళు మనిషి మంచివాడన్న సంగతి ఒక్క ముక్కలో ముగించి, కూర దగ్గరికొచ్చేసరికి గొంతు గద్గదం చేసుకున్నారు. హసన్‌బీ తెలిసినదానిలాగే తలూపుతూ కూర్చుంది. తన మొగుడి గురించి లోకమంతటికీ తెలిసినదేదో తనకి తెలియదని ఆమెకి తెలిసింది ఆ చాపమీదే.

దుఃఖం కాస్త తెరిపి ఇచ్చాక ఆ కూర తనే చేసి, ఒక్కసారి తినాలని పట్టుబట్టింది. నందిగామలో ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పే కూతురు సైరా, సెలవురోజున వచ్చి ఫోన్లో 'రెస్టారెంట్ స్టైల్' వంటల వీడియోలు పెట్టింది. ప్రతివాళ్ళూ అసలు రహస్యం ఇదేనన్నారు. ఎవరి రహస్యం వారిది. ఒకరు వెన్న వేయమన్నారు, ఒకరు పాలమీగడ, ఒకరు చిటికెడు పంచదార. తల్లీకూతుళ్ళు ఎవరి మనసూ నొప్పించకుండా అన్నీ వేశారు.

అయ్యిందో లేదో తేల్చేదెవరు? హసన్‌బీ తిన్నది కాదు. సైరా కాలేజీ రోజుల్లో స్నేహితురాళ్ళతో దొంగచాటుగా ఒకసారి వెళ్ళింది గానీ, నాన్న వంటింటి కిటికీలోంచి చూస్తాడేమోనన్న భయం తప్ప ఏ రుచీ గుర్తులేదు. అందుకని ఇద్దరు నిపుణులతో ఒక సంఘం ఏర్పాటైంది. ఒకరు సైరాకి లెక్కలు చెప్పిన కామేశం మాస్టారు. ఆయన శాకాహారి. జగ్గయ్యపేటలో బడి వదిలి నందిగామ వెళ్ళే దారిలో దిగి అక్కడ పనీరు తినేవారు. రెండోవాడు ప్రేమదాసు. దాబాకి ఉల్లిపాయల బస్తాలు తోలి, పెరటివైపు కూర్చుని సుభానితో టీ తాగి పోయేవాడు. ఆ కూరకి చివర్న కొంచెం తీపి తగలాలని మాస్టారి వాదన. చెవుల్లోంచి ఆవిర్లు రావాలని ప్రేమదాసు వాదన. ఇద్దరూ తిన్నది ఒకే చేతి వంట.

మాస్టారి కోసం పనీరు వేసి పెట్టారు. ఆయన కళ్ళు మూసుకుని రుచి చూశారు. చాలాసేపు మూసుకునే ఉన్నారు.

"బాగుందమ్మా," అన్నారు చివరికి. "చాలా బాగుంది. అచ్చం ఇంటి కూరలా ఉంది."

ఒక మెప్పుతో ఇంత నష్టం జరగడం అరుదు. హసన్‌బీ గిన్నె మీద మూత పెట్టేసింది. అది చూసి ప్రేమదాసు నోరు విప్పాడు.

"గిన్నెలో చేస్తే రాదొదినా అది. అన్న పొద్దున్నే గుండిగెడు గ్రేవీ చేసి పెట్టుకునేవోడు. అడిగినోళ్ళకి అడిగినట్టు దాంట్లోంచే తీసి, కోడి వేస్తే చికెన్ మసాలా, గుడ్డు వేస్తే ఎగ్ మసాలా, మాస్టారికి పనీరు. బోర్డు మీద పేర్లే వేరు."

మాస్టారి చేతిలో స్పూను ఆగిపోయింది. "అంటే, గరిటె కూడా ఒకటేనా?"

"గరిటె నేను చూళ్ళేదు మాస్టారూ," అని ప్రేమదాసు పుణ్యం కట్టుకున్నాడు.

ఒక్క ముద్ద తినడానికి ఒక గుండిగ గ్రేవీ కావాలన్నమాట. ఒంటరి మనిషి అంత చేసి ఎవరికి పెట్టాలి? హసన్‌బీ ఆలోచించగా, సుభాని పోయి ఏడాది అవుతోందని గుర్తొచ్చింది. ఏడాది ఫాతిహాకి ఎలాగూ జనాన్ని పిలవాలి. ఈ ఏర్పాటుకి సైరా ఒప్పుకోలేదు.

"ఫాతిహాకి నాన్నకి ఇష్టమైంది పెట్టాలి గదమ్మా. ఆ కూరంటేనే ఆయనకి మొహం మొత్తేది."

"ఆయనకి పచ్చిపులుసు పెడతా. కూర వచ్చినోళ్ళకి."

"వచ్చినోళ్ళకా, నీకా?"

హసన్‌బీ ఉల్లిపాయలు ఒలవసాగింది.

ఫాతిహా రోజున పెరట్లో గుండిగ పొయ్యి మీదికెక్కి, మంట అందుకున్నాక గానీ ఆమెకి అసలు చిక్కు తట్టలేదు. ఫాతిహా చదివేదాకా ఆ వంటని ఎవరూ నోట పెట్టకూడదు. ఉప్పు కూడా చూడకూడదు. ఎన్నడూ తిననివాళ్ళు చేసే కూరని ఇప్పుడు రుచి కూడా చూడకుండా చేయాలి. సైరా నవ్వాపుకోలేకపోయింది. నవ్వినందుకు టమాటాలు కోసే పని ఆమెకే పడింది.

ఉల్లి, టమాటా, జీడిపప్పు ఉడికించి, రుబ్బించి, నూనెలో వేయించసాగారు. ఉప్పు మాత్రం ప్రేమదాసుకి గుర్తున్న సుభాని కొలత ప్రకారమే పడింది. హసన్‌బీ ఫోను కట్టేయమంది. నాలుక లేకపోతే ముక్కుంది. సుభాని చొక్కాలు ఉతికింది ఆమె. సబ్బు పెట్టినా, ఎండలో ఆరేసినా పోకుండా కాలరు పట్టుకు వేలాడిన ఒక వాసన ఉండేది. ఆ రోజుల్లో ఆమె దాన్ని తిట్టని తిట్టు లేదు. ఇప్పుడు ఆ చొక్కాలన్నిటికీ మూలమైనదాని మీదికి వంగి నిలబడింది. నూనె పైకి తేలేదాకా పచ్చి ఉల్లి వాసనే వచ్చింది. తర్వాత మాడుతుందేమో అన్నట్టు ఒక వాసన. అప్పుడు ఎండబెట్టిన మెంతికూర అరచేతుల్లో నలిపి చల్లింది. చల్లి, తల తిప్పి వాకిలి వైపు చూసింది, అక్కడెవరో చెప్పులు విప్పుతున్నట్టు.

"ఏమైందమ్మా?" అంది సైరా.

"ఇంకేం వెయ్యకు," అంది హసన్‌బీ.

మసీదు నుంచి హజరత్ వచ్చి ఫాతిహా చదివారు. పళ్ళెంలో పచ్చిపులుసు ముందు, కూర వెనక. మాస్టారి పనీరు విడిగా చిన్న పొయ్యి మీద తయారైంది. కొత్త గరిటె కొని, ముందుగా ఆయనకి చూపించారు. ఆయన ఒక ముక్క నోట పెట్టుకున్నారు. ఈసారి కళ్ళు మూసుకోలేదు. రెండోసారి కంచం ముందుకి జరిపారు, మూడోసారీ జరిపారు. ప్రేమదాసు తిని లేచి చేయి కడుక్కుంటూ కుళాయి దగ్గరే చాలాసేపు ఉండిపోయాడు. నీళ్ళు వృథా అవుతున్నాయని ఎవరూ అనలేదు.

హసన్‌బీ వడ్డిస్తూనే ఉంది. ఇల్లుగలావిడ ముందు కూర్చోవడం మర్యాద కాదు. వత్సవాయి నుంచి చుట్టాలు ఆలస్యంగా దిగారు, వాళ్ళకీ వడ్డించింది. పళ్ళెంలోది హజరత్ ఇంటికి వెళ్ళింది. అందరినీ సాగనంపాక గుండిగ వంచి చూస్తే గరిటెకి అందేదేమీ లేదు.

"ముందే కాస్త తీసి పెట్టుకోలేదా?" అంది సైరా. ఏడుపు గొంతు ఆమెదే.

హసన్‌బీ అన్నం గిన్నె తెచ్చి, మిగిలిన నాలుగు మెతుకులూ గుండిగలో వేసింది. పీట వాల్చుకుని కూర్చుని, మోచేయిదాకా లోపలికి పెట్టి, అంచుల వెంట అంటుకున్నదంతా తుడిచి కలిపింది. ముద్ద చిన్నదే అయింది. నోట పెట్టుకుని నిదానంగా నమిలింది. సైరా ఎదురుగా గొంతుక్కూర్చుని తల్లి మొహమే చూస్తోంది.

"ఉప్పు ఒక పిసరు ఎక్కువేసేవాడన్నమాట," అంది హసన్‌బీ. "చెప్పేవాళ్ళు లేకపోయారు."

ఇంకో ముద్ద అవుతుందేమోనని మళ్ళీ లోపల తుడవసాగింది.