గరాజులో పేలిన సీసాలు

మొన్న శనివారం బ్రిస్బేన్ శివార్లలోని సన్నీబ్యాంకులో మా మరదలి ఇంటికి బార్బెక్యూ విందుకు వెళ్లాం. ఆమె చిన్నకొడుకు పెరట్లో స్టీలు పీపా ఒకటి పెట్టుకుని, తాను ఇంట్లోనే తయారుచేసిన బీరును స్నేహితులందరూ చూస్తుండగా సీసాల్లోకి నింపుతున్నాడు. వాడి నాన్న, అంటే నా తోడల్లుడు, కుర్చీలో వెనక్కి వాలి, "మీకేం తెలుసురా! టూవూంబాలో ఫస్ట్ హోమ్‌బ్రూ చేసిన తెలుగోణ్ణి నేనే. అవర్ గరాజ్‌లో, అందరికీ భయపడుతూ!" అన్నాడు. పిల్లలు ఈలలు వేశారు. నేను అక్కడే, అతనికి రెండు కుర్చీల అవతల కూర్చుని ఉన్నాను. మా ఆవిడ నావైపు ఒకసారి చూసి చూపు తిప్పుకుంది.

ఆ గరాజు మాది.

ఎనభైల చివర టూవూంబాలో తెలుగువాళ్లంటే గుంటూరు, ఒంగోలు వైపు నుంచి వచ్చిన నాలుగైదు క్రైస్తవ కుటుంబాలే. మనవాళ్ల ఊరగాయ కావాలంటే కొండ దిగి బ్రిస్బేన్ దాకా కారులో పోవలసిన రోజులు. నేను యూనివర్సిటీలో ఇంజనీరింగ్ పాఠాలు చెప్పేవాణ్ణి. ఆదివారం మధ్యాహ్నాలు ఎవరో ఒకరి ఇంట్లో తెలుగు ప్రార్థన కూడిక జరిగేది. అందులో పాటలు నడిపించే పని నాది. అదేమంత పెద్ద పదవి కాదుగానీ, వారమంతా ఇంగ్లీషులో నలిగిన నాలుకకు ఆ గంటసేపు ప్రాణం లేచొచ్చేది. మా మామగారు ఒంగోలు దగ్గర పాస్టరు. ఆయన రెండో అల్లుడు ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చి, మరదలితో సహా మా ఇంట్లోనే ఏడాదికి పైగా ఉన్నాడు. అతనికి కారు నడపడం నేర్పింది నేను, మొదటి ఇంటర్వ్యూకి నా కోటు తొడిగి పంపింది నేను. అందరూ అక్కచెల్లెళ్లే ఉన్న ఇంట్లో పెరిగిన నాకు, అతను "అన్నగారూ" అని పిలిస్తే లోపల ఏదో నిండినట్టుండేది.

బీరు సంగతి పక్కింటి తెల్లాయన వల్ల మొదలైంది. రైల్వేలో రిటైరైన ఆ పెద్దాయన ఓపికగా నాకా విద్య నేర్పి, కూతురి దగ్గరికి వెళ్లిపోతూ తన పీపానూ బీరుకు నురగ పట్టించే గ్యాసు సిలిండరునూ మూతలు బిగించే చేతిమరనూ నాకు అప్పగించాడు. నిజానికి నేను తాగేది తక్కువ. బార్లీ మాల్టు ఉడుకుతుంటే, మా అమ్మమ్మ మొలకెత్తిన రాగుల్ని వేయించేటప్పటి వాసన వచ్చేది, దానికోసమే చేసేవాణ్ణేమో. అయితే మా కూడికలో మద్యం మాట ఎత్తితేనే విశ్వాసం పోయినట్టు చూసే కాలమది. అందుకని సరంజామా అంతా గరాజులో పాత దుప్పటి చాటున ఉండేది. తెలిసింది మా ఆవిడకూ మరదలికీ మా తోడల్లుళ్లిద్దరికీ మాత్రమే.

శనివారం మధ్యాహ్నాలు మేమిద్దరం సీసాలు నింపేవాళ్లం. గోధుమరంగు పెద్ద సీసాల్ని కడిగి, ముందే ఫ్రీజరులో పెట్టి, గ్యాసు బాగా తగ్గించి, సన్నటి గొట్టాన్ని సీసా అడుగుదాకా దింపి, పాలు పొంగకుండా కాచుకునే ఇల్లాలిలా కదలకుండా చూడాలి. నురగ మూతిదాకా రాగానే అతను మూత పెట్టేవాడు, నేను మర నొక్కేవాణ్ణి. ఆ నింపే వేళల్లో మేము మాట్లాడుకోని విషయం లేదు. ఉద్యోగం రాని నెలల్లో అతను కళ్లనీళ్లు పెట్టుకున్నది కూడా ఆ పీపా పక్కనే.

ఒక ఏడు క్రిస్మసుకు ముందు, ఆస్ట్రేలియాలో అది ఎండాకాలమే, కొత్త ఆఫీసు స్నేహితులకు ఇస్తానని అతను కొన్ని సీసాలు అడిగాడు. గ్యాసు సరిపోలేదని, ప్రతి సీసాలో కాస్త చక్కెర వేద్దామని అతని పట్టు.

"వద్దు తమ్ముడూ. పీపాలోనే గ్యాసు ఎక్కింది. నువ్వు మళ్లీ చక్కెర వేస్తే అది పులిసి సీసాలు పేలిపోతాయి" అన్నాను.

"సరే అన్నగారూ, మీరెలా అంటే అలాగే" అన్నాడు. ఇంతలో ఇండియా నుంచి ఫోనొచ్చి నేను లోపలికి వెళ్లాను. మిగతావి అతనే నింపాడు.

ఆ తర్వాతి ఆదివారం కూడిక మా ఇంట్లోనే. మండే ఎండ. మేమందరం అంకుల్ అని పిలిచే పెద్ద డాక్టరుగారు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నారు. గరాజులో ఢామ్మని శబ్దమైంది. అందరం ఉలిక్కిపడే లోపే మరొకటి, ఆ వెంటనే వరసగా ఇంకొన్ని. తలుపు కిందనుంచి నురగ పాకుతూ హాల్లోకి వచ్చింది. ఆ వాసన ఏమిటో అక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు.

"వాట్ ఈజ్ దిస్, బాబూ?" అన్నారు అంకుల్ నావైపు చూస్తూ.

నేను నోరు విప్పబోయాను. మేమిద్దరమే చేశామని చెప్పి, ఇద్దరం కలిసి చీవాట్లు తిందామనే నా ఉద్దేశం. అతను నాకంటే ముందే లేచి నిలబడ్డాడు.

"నేనెన్నిసార్లు చెప్పానో అంకుల్. ఇలాంటివి మనకొద్దు అన్నగారూ, దేవుడు చూస్తాడని. వినలేదు. ఆయన ఇంట్లో ఉన్నవాణ్ణి, నేనేం చేయగలను?" అంటూ తల వంచుకున్నాడు. గొంతు వణికించాడు కూడా.

మరదలు నేలచూపులు చూస్తోంది. మా ఆవిడ పెదవి కొరుక్కుంటోంది. నేను తువ్వాలు తెచ్చి హాల్లోకి వచ్చిన నురగను తుడవడం మొదలుపెట్టాను. అందరూ వెళ్లాక గరాజు కడుగుతుంటే, పగిలిన సీసాల వెనక మా వంటింటి చక్కెర డబ్బా కనిపించింది, చెంచాతో సహా.

దాన్నైనా క్షమించేవాణ్ణేమో. మర్నాడు మామగారికి ఫోన్ చేసి నేనే చెబుదామనుకుంటే, ఆయన గొంతు అప్పటికే గడ్డకట్టి ఉంది. "చిన్నల్లుడు నిన్ననే చెప్పాడు నాయనా. నీకోసం కన్నీళ్లతో ప్రార్థిస్తున్నాడు" అన్నారు. అతను భయపడి తప్పించుకున్నాడని అంతవరకూ నాకు నేను సర్దిచెప్పుకుంటున్నాను. ఆ మాటతో ఆ ఆసరా కూడా పోయింది.

మా ఆవిడ నిజం చెప్పేస్తానంది. మరదలు అప్పుడు కడుపుతో ఉంది. పుట్టింటి మనిషంటూ మా ఆవిడకు ఈ దేశంలో ఆమె ఒక్కతే. వద్దన్నాను. పాటలు నడిపించే పని అతనికిచ్చారు. నేను చివరి వరసలో కూర్చుని, అతను ఎత్తుకున్న పల్లవికి పెదవులు కదిపేవాణ్ణి. నెల తిరక్కుండా వాళ్లు వేరే ఇల్లు చూసుకున్నారు. మామగారు ఆ మాట నమ్మే కన్నుమూశారు. పీపాను చెత్త డిపోలో పడేసి వచ్చాను. మళ్లీ ఎన్నడూ చేయలేదు.

ఇప్పుడు కాలం మారింది. అప్పట్లో మా ఇంట్లో నీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయినవాళ్ల పిల్లలు పెళ్లిళ్లలో గ్లాసులెత్తి ఫోటోలు దిగుతున్నారు, ఎవరి విశ్వాసమూ పోవడం లేదు. సిగ్గుపడాల్సినంత కాలం అది నా గరాజు, గొప్ప చెప్పుకునే రోజులొచ్చాక అతని గరాజు. అక్కచెల్లెళ్లు ఎప్పుడో కలిసిపోయారు, అది చాలు. పండగలకూ పుట్టినరోజులకూ అతనూ నేనూ పక్కపక్కనే కూర్చుంటాం, బీపీ గురించీ వానల గురించీ మాట్లాడుకుంటాం.

అయితే ఆ ఆదివారం తర్వాత నేనతణ్ణి తమ్ముడూ అనలేదు, నువ్వు అనలేదు. "మీరు ఎప్పుడొచ్చారు? మీరు భోంచేశారా?" అంటాను. వయసు మీదపడ్డాక వచ్చిన మర్యాద అనుకుంటారు చూసేవాళ్లు. అతనికి తెలుసో లేదో నాకు తెలియదు. మా పిల్లలకైతే ఎప్పటికీ తెలియదు. వాళ్లు మాట్లాడే భాషలో దగ్గరివాడికీ దూరమైనవాడికీ ఒకటే మాట.