మేస్త్రి స్కూటర్ స్టాండు

బోధన్ దగ్గరి తారు ప్లాంటులో నేను కొత్త ఇంజనీరును. మా మేస్త్రికి ల్యాబు పరీక్షల మీద నమ్మకం తక్కువ. తారు మెత్తబడే మిట్టమధ్యాహ్నం కొత్త రోడ్డు మీద తన స్కూటర్‌కు సైడ్ స్టాండు వేసి, బీడీ ముట్టించేవాడు. బీడీ అయిపోయేలోగా స్టాండు తారులోకి దిగకపోతే రోడ్డు పాసైనట్టు.

ఒకసారి రైస్‌మిల్లు పైకప్పు మీది తారు పట్టించిన పాత అట్ట రేకులను పొడి చేయించి, రోడ్డు మిశ్రమంలో కలిపించాడు. రోడ్డు చూడటానికి జీపులో వచ్చిన మా పెద్దసారు అనుమానపడ్డారు.

"స్టాండు దిగవడ్డదంటే రేపటిసంది పనికి రాను సార్," అంటూ మేస్త్రి స్కూటర్ నిలిపి బీడీ ముట్టించాడు.

బీడీ అయిపోయింది, స్టాండు దిగలేదు. పెద్దసారు మెచ్చుకుని జీపు ఎక్కబోతే టైరులో గాలి పోయి ఉంది. పొడి చేసేముందు రేకుల మేకులు ఏరించడం మేస్త్రి మరిచిపోయాడు. వాటిలో ఒకటి రోడ్డులోంచి తల ఎత్తింది.

మేస్త్రి కూర్చుని రెండు చేతులా లాగాడు. రాలేదు.

"సూడుండ్రి సార్, ఎంత గట్టిగ వట్టుకున్నదో!"

పెద్దసారు కూడా వంగి లాగారు. మేకు రాలేదు. మేస్త్రి ఉద్యోగమూ పోలేదు.