చైనా వైద్యుడి దగ్గర కొసరు

రోగమొచ్చినవాళ్ళంతా వైద్యుడు అడిగింది ఇచ్చి, ఆయన ఇచ్చింది పుచ్చుకుని ఇంటికి పోతారు. రియాద్ మహానగరంలో వైద్యుడితో బేరమాడి, మందులోంచి సరుకులు తీయించి, పైగా కొసరు కూడా పట్టుకొచ్చిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకోకండి. గొప్పే, కాదనను. కానీ ఆ గెలుపు నా కడుపునూ, క్యాంపులో నా పరువునూ, కాస్తయితే ఉద్యోగాన్నీ ఎలా ముంచిందో కూడా దాచకుండా చెబుతాను.

మాది జగిత్యాల. నాన్నది కిరాణా కొట్టు, పెదనాన్నది బట్టల కొట్టు, మేనమామది ఇనుప సామాను. మా ఇళ్ళల్లో పిల్లలకు మాటలు రావడమే "తగ్గించి చెప్పు" అనే మాటతో మొదలవుతుంది. అలాంటి నేను మలాజ్‌లో ఒక కట్టడాల కంపెనీలో స్టోర్‌కీపర్‌గా ఉండగా కువైట్ యుద్ధం వచ్చింది. అందరూ కిటికీలకు టేపులు అంటించుకుంటుంటే నేను గదిలోకి సరుకు దింపాను: బియ్యం, పంచదార, డబ్బా పాలు, జున్ను డబ్బాలు. యుద్ధం సాగుతుంది, ధర పెరుగుతుంది అని నా అంచనా. యుద్ధం నన్ను మోసం చేసి తొందరగా ముగిసిపోయింది. ధర పడిన సరుకును కొట్టువాడు పారేస్తాడా? తింటాడు. ఆ సరుకంతా నా నడుము చుట్టూ గోదాము కట్టుకుంది.

ఇంతలో ఇకామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే పర్మిట్, రెన్యువల్ దగ్గరపడింది. దానికి వైద్య పరీక్ష తప్పదు. మా కంపెనీ డాక్టరుగారు భీమవరం వైపు మనిషి. రిపోర్టులు చూసి నా వైపు చూశారు.

"సేటుగారూ, షుగరుందండీ. బీపీ ఉంది. రక్తంలో కొవ్వుంది. నడుం సంగతి నేను చెప్పక్కర్లేదు. ఈ నాలుగూ ఒకే జట్టండీ, కలిసే వస్తాయి."

"నాలుగూ కలిపి తీసుకుంటే ఏమన్న తగ్గుతదా సార్?"

"తగ్గాల్సింది మీరు. మాత్రలు వేసుకోండి, అన్నం తగ్గించండి, రోజూ నడవండి. నెల తర్వాత మళ్ళీ చూస్తాను. అప్పటికీ షుగరు దిగకపోతే అన్‌ఫిట్ అని రాయక తప్పదు. కంపెనీ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తుంది."

ఎగ్జిట్ అనగానే జగిత్యాలలో సగం లేచి ఆగిన నా సొంత కొట్టు గోడలు కళ్ళ ముందు నిలబడ్డాయి. దాని పైకప్పు ఈ జీతంతోనే పడాలి.

మీరైతే బుద్ధిగా మాత్రలు వేసుకునేవారు. నాకొక ఇబ్బంది ఉంది. కంపెనీ మాత్రలు ఉచితం. ఉచితమైన దాంట్లో బేరానికి తావు లేదు, బేరం లేని వస్తువు మీద నాకు నమ్మకం కుదరదు. అప్పుడే నా గదిలో ఉండే మల్లేశు, నిర్మల్ నుంచి వచ్చి, ఏసీలు బాగుచేసేవాడు, ఒక మాట చెవిన వేశాడు.

"అన్నా, జెద్దా నుంచి చైనా హకీం ఒకాయన వస్తుండట. అత్తరు దుకాణం వెనక గదిల కూసుంటడు. షుగరుకు కషాయం ఇస్తడట."

వెళ్ళాను. తెల్లగడ్డం ముసలాయన. ఎప్పుడో హజ్‌కు వచ్చి ఈ దేశంలోనే ఉండిపోయాడట. రెండు చేతుల నాడీ చూశాడు, నాలుక చూశాడు, నడుము చూసి నిట్టూర్చాడు. కాగితాలు పరచి ఒక్కొక్కదాని మీదా రకరకాల వేళ్ళు, బెరళ్ళు, పళ్ళు పెట్టాడు. రోజుకో పొట్లం కాచి తాగాలట. మొత్తం మూడు వందల రియాళ్ళు.

నేను మా నాన్న నేర్పిన నవ్వు నవ్వాను. తర్వాత నడిచినదంతా బజారు అరబ్బీలో; అందులో ఎవరైనా సదీకే, అంటే దోస్తే.

"సదీక్, ఇందులో బాగా ఖరీదైంది ఏది?"

పాపం, అమాయకుడు, చూపించాడు. "ఈ వేరు."

"తీసెయ్."

"అది నీ పొట్టకు కాపలా."

"నా పొట్ట ఎవరెత్తుకుపోతారు? తీసెయ్. ఈ ఎండు పళ్ళేమిటి?"

"చైనా ఖర్జూరం. మిగతా మందు లోపల గొడవ చేయకుండా చూస్తుంది."

"ఖర్జూరాల దేశంలో చైనా ఖర్జూరం అమ్ముతావా! నాకు వీసా ఇచ్చిన కఫీల్‌కు హుఫూఫ్‌లో ఖర్జూరం తోటే ఉంది. తీసెయ్. ఈ పసుప్పచ్చ వేరు ఎంత?"

"అది చవక."

"అయితే అది ఉండనీ."

ముసలాయన చేతులు రెండూ కాగితాల మీద పెట్టాడు. "ఇది కూరగాయల బుట్ట కాదు. అన్నీ కలిస్తేనే మందు."

"ఆఖరి మాట చెప్పు."

సగానికి దిగాడు. డబ్బు లెక్కపెట్టి లేచాక కూడా చేయి చాపే ఉంచాను. కొసరు లేకుండా కొట్టు దిగితే మా వంశంలో మైలపడినట్టే. ఆయన ఆ చవక సరుకు డబ్బా దగ్గరికి లాక్కున్నాడు. పసుప్పచ్చ వేరు రెండు గుప్పిళ్ళు తీసి నా సంచిలో పోశాడు. రోగి కోరిందీ కొసరే, వైద్యుడు ఇచ్చిందీ కొసరే!

గదికొచ్చి కాచాను. కొసరును కూడా పొట్లాలన్నిటికీ దామాషాగా పంచి, పొట్లానికి గుప్పెడు హుఫూఫ్ ఖర్జూరాలు వేశాను. కషాయం పాయసంలా ఉంది. బేరమాడితే మందుకు రుచి కూడా వస్తుందని అప్పుడే తెలిసింది. రెండు వైద్యాలు దుబారా కదా అని కంపెనీ మాత్రలు మానేశాను.

మర్నాటి పొద్దున మొదలైంది. క్యాంపులో మా వరుస గదులన్నిటికీ ఒకటే బాత్రూము.

"అన్నా, ఎల్తవా ఎల్లవా? డ్యూటీ బస్సు పోతున్నది!" మల్లేశు తలుపు బాదుతున్నాడు.

"మందు పట్టిందిర మల్లేశూ! పాత సరుకంత ఖాళీ అయితున్నది!"

"లోపల దుకాణం పెట్టినవా ఏంది? షట్టర్ దించి బయటికి రా!"

ఆ తర్వాత స్టోర్‌లో సామాను కావలసినవాళ్ళు కూడా ఆ తలుపు దగ్గరికే రావడం మొదలుపెట్టారు. "మూడో అర, ఎడమ పక్క" అని లోపలి నుంచే చెప్పేవాణ్ణి. నీరసం వచ్చినప్పుడల్లా నాలుగు ఖర్జూరాలు నోట్లో వేసుకునేవాణ్ణి. బెల్టు మాత్రం ఒక్కొక్క బెజ్జమే వెనక్కి వెళుతోంది. అది చాలు నాకు.

నెల తిరిగింది. పెళ్ళికొడుకులా వెళ్ళి తూకం మీద నిలబడ్డాను. డాక్టరుగారు మెచ్చుకోలుగా తలాడించారు. రక్తం రిపోర్టు వచ్చాక ఆడించడం ఆపేశారు.

"మనిషి దిగాడు, షుగరు ఎక్కింది. ఎలా కుదిరిందండీ ఇది?"

గర్వంగా పొట్లం తీసి చూపించాను. ఆయన వాసన చూశారు. "ఇది రేవల్చిన్ని కాదుటండీ? విరేచనాల మందు! మీరు కిరాణా కొట్టువాళ్ళమన్నారు, గుర్తుపట్టలేదూ?"

"అమ్మేటోళ్ళం సార్. ఎన్నడు తినలె."

"తగ్గింది కొవ్వు కాదండీ, నీళ్ళు. మరి ఖర్జూరాలు ఎన్ని తిన్నారు?"

"అవి ఫ్రీ సార్."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, కలం అందుకున్నారు. ఆ కలం 'అన్‌ఫిట్' గడి వైపు కదిలింది.

"సార్, ఇంకొక్క నెల. పోనీ, పదిహేను రోజులు..."

"నా దగ్గర కూడా బేరమేనా?"

నోరు తెరిచాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అందులోంచి ఎదురు ధర రాలేదు. "లేదు సార్. ఇంటికాడ కొట్టుకు కప్పు పడలె. మీరు ఏది చెప్తె అదే ధర."

కలం ఆ గడి దాటి కిందికి దిగింది. చివరికి ఆయన రాసింది ఇది: పనికి ఫిట్, కూర్చునే పనికి కాదు. స్టోర్ తాళాలు ఇంకొకరికి పోయాయి. నన్ను సైటు మీద టైమ్‌కీపర్‌ను చేశారు. ఎండలో ఈ చివర నుంచి ఆ చివరకు హాజరు వేసుకుంటూ నడవడం, ఉచిత మాత్రలు మింగడం. షుగరు నోరు మూసుకుని దిగింది.

కాబట్టి తక్కెడ మీద చేయి వేసి చెబుతున్నాను: చీర దగ్గర, సిమెంటు దగ్గర, అల్లుడి దగ్గర బేరమాడతాను గానీ, నాడి పట్టుకున్నవాడి దగ్గర నోరెత్తను. కొసరు ఇస్తానని ఆయనే వెంటపడినా సరే, పరుగెత్తి పారిపోతాను.

ఇక బిల్లు. హకీం దగ్గర మిగిలింది నూట యాభై రియాళ్ళు. స్టోర్ పోయినందుకు జీతంలో కోత నెలకు రెండు వందలు, ఆ దేశంలో ఉన్నన్నాళ్ళూ. కొట్టు కప్పు పడింది, ఆలస్యంగా. చైనా వైద్యం మంచిదా కాదా అని చాలామంది అడుగుతారు. దాన్ని లాభంలోనూ రాయలేను, నష్టంలోనూ రాయలేను. ఆయన అమ్మబోయింది మందు. నేను కొన్నది బేరం.