మావ మొక్కు గడ్డం

అరవైల చివర చీపురుపల్లిలో మా రేడియో మావ పెంచిన గడ్డం తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సహించదు. స్టేషన్లో టెలిగ్రాఫ్ కొట్టే ఆయన, ఇంట్లో సొంత రేడియో సెట్టుతో దేశదేశాల వాళ్లతో మాట్లాడేవాడు. ఆస్ట్రేలియాలో కొందరు కుర్రాళ్లు తనలాంటి రేడియోపిచ్చి వాళ్ల కోసం చిన్న ఉపగ్రహం చేశారని విని, అది ఎగిరేదాకా గడ్డం తీయనని సింహాచలం అప్పన్నకు మొక్కుకున్నాడు.

ఉపగ్రహం తయారైంది గాని, దాన్ని ఊరికే మోసుకెళ్లే రాకెట్టు దొరకలేదు. ప్రయోగం వాయిదా పడినప్పుడల్లా మావ గడ్డం దువ్వుకుంటూ, "వచ్చే నెల ఎగురుతాదిరా" అనేవాడు. ఆ దువ్వుడికి నిన్నటి మెతుకులు రాలేవి. ఒకసారి అందులోంచి పిచ్చుక ఎగిరిపోయిందంటే మీరు నమ్మరు, గుడ్డు నేను చూశాను. అత్త ఆయన కంచాన్ని అరుగు మీదకు మార్చేసి, "గడ్డం తీసిన్నాడే గడప దాటి రా" అంది.

ఎట్టకేలకు ఎగిరింది. దాని కూత మావ సెట్టులో అందరం విన్నాం. అత్త ఆ పూటే మంగలిని పిలిపించి, లోపల అన్నానికి పీట వేసింది. కత్తెర గడ్డం దాకా వచ్చాక మావ అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగరా. ఇది పెద్ద ఉపగ్రహానికి తోకలా ఎక్కి, దాని కక్ష్యలోనే తిరుగుతన్నాది. మన నెత్తి మీద ఎక్కువసేపు నిలబడే కక్ష్యలోకి ఎగిరితేనే మొక్కు తీరినట్టు."

"అదెప్పుడు ఎగురుతాది?" అంది అత్త.

మావ గడ్డం దువ్వుకున్నాడు. "వచ్చే నెల."

అత్త పీట తీసేసి, అరుగు మీది కంచాన్ని పశువులశాలలో పెట్టింది. మావ వెళ్లి కూర్చోగానే గేదె లేచి దూరంగా జరిగింది.